బకెట్ నేలకు ఆనేదాకా

జేసీబీ పనిచేస్తున్న చోట పదిమంది చేరి చూడటం మన ఊళ్లలో మామూలే. మిషన్ భగీరథ పైపుల కోసం వాడవాడలా తవ్వినప్పుడు, మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసినప్పుడు ఇదే చూశాం. ఇప్పుడు పొలాలు చదును చేయించుకునేటప్పుడు కూడా ఇదే చూస్తున్నాం. బకెట్ పైకి లేచి తిరుగుతుంటే దాని కిందినుంచే పిల్లలు అటూ ఇటూ పరుగెడతారు. పొలం యజమాని డ్రైవరుకు చెయ్యి చూపిస్తూ, "ఇక్కడ, ఇంకొంచెం లోతుగా" అంటూ బకెట్ పళ్ల పక్కనే నిలబడతాడు. ఎవరూ ఎవరినీ వారించరు. యంత్రం మనకు అంతగా అలవాటైపోయింది. అలవాటైనంత మాత్రాన దాని దగ్గర మెలగడం వచ్చేసినట్టు కాదు. ఆ మెలకువను కూలి ఇచ్చి మరీ, యంత్రం దగ్గరే నిలబెట్టి నేర్పాలని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను ఎత్తిపోతల కాలువల మీద, పైపులైన్ల మీద సైట్ ఇంజినీరుగా పనిచేస్తున్నవాడిని. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్, ఆ తర్వాత పాలమూరు–రంగారెడ్డి, అటు నల్గొండ వైపు ఉదయసముద్రం, డిండి, దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్ కేంద్రం. దక్షిణ తెలంగాణలో కొన్నేళ్లుగా యంత్రం ఆగింది లేదు. ఈ పనుల్లో యంత్రం నడిపేవాడు ఒక్కడైతే చుట్టూ తిరిగేవాళ్లు పదిమంది ఉంటారు. హెల్పరు, సిగ్నల్ ఇచ్చేవాడు, లెవెల్ చూసే సర్వేయరు, పైపులు కలిపేవాళ్లు, గట్టు మీద రాళ్లు ఏరే ఆడవాళ్లు, లైనింగ్ కాంక్రీటుకు నీళ్లు పట్టేవాళ్లు. నడిపేవాడికి చుట్టూ క్యాబిన్ ఇనుము ఉంటుంది. కింద ఉన్నవాళ్లకు ఏ రక్షణా ఉండదు. నేను చూసిన, దగ్గరనుంచి విన్న ప్రమాదాల్లో దెబ్బతిన్నది దాదాపు ప్రతిసారీ కింద ఉన్నవాళ్లే. శిక్షణ మాత్రం, అది కూడా ఉన్న చోట, డ్రైవరుకే దొరుకుతుంది. ఆపరేటర్లకు సర్టిఫికెట్లు ఇచ్చే వ్యవస్థ దేశంలో ఉంది. హైదరాబాద్‌లో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ 1998 నుంచి ఉంది. అచ్చంపేట నుంచో దేవరకొండ తండాల నుంచో వచ్చి ఆ యంత్రం పక్కన తట్ట మోసే మనిషికి ఎవరు ఏం నేర్పారు?

చాలా సైట్లలో జరిగేది చెబుతాను. పొద్దున్నే అందరినీ వరుసగా నిలబెడతారు. ఒకరు కాగితం చూసి నాలుగు మాటలు చదువుతారు. హెల్మెట్ పెట్టుకోండి, జాకెట్ వేసుకోండి, జాగ్రత్తగా ఉండండి. సంతకాలు, వేలిముద్రలు తీసుకుంటారు. ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. అయిదు నిమిషాల్లో అందరూ పనిలోకి వెళ్లిపోతారు. ఆ కాగితం ఫైలులో భద్రంగా ఉంటుంది. రేపు ఏదైనా జరిగితే "మేం చెప్పాం" అనడానికి పనికొస్తుంది. చదివిన మాటల్లో తప్పేమీ లేదు. కానీ జాగ్రత్తగా ఉండమన్నప్పుడు దేని నుంచి, ఎక్కడ, ఎంత దూరంలో అన్నది తెలియాలి కదా. పైనుంచి జారిపడే రాయి నుంచి హెల్మెట్ కాపాడుతుంది, అది ఉండాల్సిందే. ఇరవై టన్నుల పొక్లెయిన్ వెనక్కి తిరిగినప్పుడు హెల్మెట్ ఏమీ చేయలేదు.

అన్నింటికంటే ముందు నేర్పాల్సింది, డ్రైవరుకు ఏది కనిపించదో. కింద నిలబడ్డ మనిషికి యంత్రం మొత్తం కనిపిస్తుంది. కాబట్టి డ్రైవరుకు కూడా తాను కనిపిస్తున్నాననే అనుకుంటాడు. ఇదే ప్రాణాలు తీసే భ్రమ. పొక్లెయిన్‌లో క్యాబిన్ ఎడమ పక్కన ఉంటుంది. బూమ్, అంటే బకెట్‌ను మోసే పొడవాటి ఇనుప చెయ్యి, దానికి కుడివైపున లేచి నిలబడుతుంది. అంటే కుడివైపు నేల చాలావరకు డ్రైవరు కంటికి అందదు. వెనక ఇంజను, దాని చివర బరువు కోసం పెట్టిన ఇనుప దిమ్మె. ట్రాక్‌కు ఆనుకుని కూర్చున్న మనిషి ఏ వైపున ఉన్నా కనిపించడం కష్టమే. టిప్పరులో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. ఎడమ పక్క తలుపు కింద నడిచే మనిషి, బానెట్‌కు మరీ దగ్గరగా ముందునుంచి దాటే మనిషి, వెనక ట్రాలీ చాటున నిలబడ్డ మనిషి, ముగ్గురూ అతనికి లేనట్టే. జేసీబీ సంగతి వేరు. తవ్వేటప్పుడు డ్రైవరు సీటు వెనక్కి తిప్పుకుని కూర్చుంటాడు. ఆ సమయంలో ముందు లోడరు వైపు ఏం జరుగుతోందో అతనికి తెలియదు. హైడ్రా క్రేన్లయితే మరీ ప్రమాదం. బరువు ముందు వేలాడుతుంది, బండి ముందుకు కదులుతుంది, ఆ బరువు ఊగకుండా తాడు పట్టుకున్న హెల్పరు చక్రాల ముందే వెనక్కి వెనక్కి నడుస్తుంటాడు. కాలికి రాయి తగిలితే అంతే. చాలా పెద్ద సంస్థలు తమ సైట్లలో పాత రకం హైడ్రాలను దూరం పెట్టాయి. మన దగ్గర పైపులైన్ పనుల్లో అవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

రివర్స్ హారన్ ఉంది కదా అంటారు. ఒకే చోట నాలుగు టిప్పర్లు, రెండు పొక్లెయిన్లు, ఒక రోలరు పొద్దున్నుంచి మోగుతూనే ఉంటే ఏ మోత తన వెనకదో మనిషి చెవి పట్టించుకోవడం మానేస్తుంది. హారన్ ఉండాలి. దాని మీదే ఆధారపడితే మాత్రం ఆధారం లేనట్టే.

ఒక కాలువ పనిలో జరిగింది చెబుతాను. ఎక్కడో, ఎవరిదో చెప్పను. రాతి కటింగ్‌లో పొక్లెయిన్ మట్టి తీసి టిప్పరులో పోస్తోంది. యంత్రం వెనక దిమ్మెకూ, నిటారుగా నిలబడ్డ రాతి గోడకూ మధ్య ఒక మనిషి పట్టేంత సందు. హెల్పరు కుర్రవాడు అక్కడ ఉంచిన గడ్డపార తీసుకోవడానికి ఆ సందులోకి వెళ్లాడు. యంత్రం అప్పుడు కదలకుండా నిలిచి ఉంది. టిప్పరు వచ్చి ఆగింది, డ్రైవరు అలవాటు చొప్పున తిరిగాడు. దిమ్మె గోడ వైపు వచ్చింది. కేక కూడా వినపడలేదని డ్రైవరు తర్వాత చెప్పాడు, ఏడుస్తూ చెప్పాడు. బ్రిటన్‌లో యంత్రం దిమ్మెకూ పక్కనున్న గోడకూ మధ్య కనీసం అర మీటరు ఖాళీ ఉండాలని, ఆ చోట మనుషులు తిరగకుండా అడ్డు కట్టాలని భద్రతా అధికారులు చెబుతారు. అక్కడ ఒక తాడు, నాలుగు కర్రలు ఉంటే సరిపోయేది.

కేసు డ్రైవరు మీద పెట్టారు. నిర్లక్ష్యంతో మరణానికి కారకుడయ్యాడని. ఒకప్పుడు ఐపీసీ 304ఎ, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్. డ్రైవరు తప్పు చేయడని నేను అనను. కానీ తనకు కనిపించని చోట ఉన్న మనిషిని ఎలా చూడగలడు? ఆ సందులో గడ్డపార ఎవరు పెట్టించారు, అక్కడికి వెళ్లకూడదని ఆ కుర్రవాడికి ఎప్పుడు చెప్పారు, అడ్డు ఎందుకు కట్టలేదు అన్న ప్రశ్నలు కాగితం మీదికి రానే రావు. డ్రైవరును జైలుకు పంపితే పని అయిపోయినట్టే. మర్నాడు అదే సందు, అదే యంత్రం, ఇంకో హెల్పరు.

అందుకే నేను పనిచేసే చోట ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఇది నా సొంత తెలివి కాదు. అమెరికాలో వృత్తి ఆరోగ్యం మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ యంత్రాల చుట్టూ కనిపించని నేలకు పటాలే గీసి పెట్టింది. ఆ పటాన్ని మన నేల మీద సున్నంతో గీయిస్తాను, గీసేది కూలీలే.

యంత్రాన్ని చదును నేల మీద నిలిపి, బకెట్ కిందికి దించి, ఇంజను ఆపి, తాళం నా చేతిలో పెట్టుకుంటాను. కూలీల ముఠాలో ఒక్కొక్కరిని క్యాబిన్ ఎక్కిస్తాం. ఎక్కడం కూడా నేర్పాల్సిందే. రెండు కాళ్లూ ఒక చెయ్యీ, లేదా రెండు చేతులూ ఒక కాలూ, మూడు ఎప్పుడూ ఇనుము మీద ఉండాలి. సీటులో కూర్చున్నాక మిగతావాళ్లు యంత్రం చుట్టూ నెమ్మదిగా నడుస్తారు. సీటులో ఉన్న మనిషి "కనిపించడం లేదు" అన్న చోట సున్నం పోస్తారు, "కనిపిస్తున్నావు" అన్న చోట మళ్లీ పోస్తారు. ఒక లైనింగ్ పని దగ్గర క్యూరింగ్ చేసే, అంటే కాంక్రీటుకు నీళ్లు పట్టే, ఆడవాళ్లలో ఒకావిడ సీటులో కూర్చుని ఉంది. నవ్వుతూ అందరినీ పేరు పెట్టి పిలుస్తోంది. ఉన్నట్టుండి నవ్వు ఆగిపోయింది.

"చిన్నమ్మా, ఎక్కడున్నావే?"

"ఇక్కడే ఉన్నానే, నీ కాళ్ల కిందే" అని కుడి ట్రాక్ పక్కనుంచి జవాబు.

ఆవిడ సీటులోంచి లేచి, వంగి, మెడ చాచి చూసింది. అయినా కనిపించలేదు. దిగి వచ్చాక ఆపరేటరుతో, "అన్నా, రోజూ ఇట్లాగే నడుపుతున్నావా?" అని అడిగింది. అతను, "నేను చెబితే ఎవరు నమ్మారమ్మా" అన్నాడు. అందరూ ఎక్కి దిగేసరికి యంత్రం చుట్టూ తెల్లటి గీత ఒకటి తయారైంది. కుడివైపున, వెనకవైపున అది ఎంత దూరం పోయిందో చూసి మేస్త్రీ కూడా నోరెత్తలేదు. ఆ తర్వాత ఆ ముఠాలో ఎవరికీ దూరంగా ఉండమని నేను చెప్పాల్సిన పని పడలేదు. ఒకరినొకరు వాళ్లే వెనక్కి లాక్కునేవారు. పలక మీద రాసి చదివించే సూత్రం ఏదీ ఈ పని చేయలేదు.

ఆ సున్నం గీత దగ్గరే మిగతావి చెప్పాలి, చాలా చెప్పకూడదు. నేను మొదట చెప్పేది ఒక్కటే. బకెట్ నేలకు ఆనాలి, డ్రైవరు చేతులు లీవర్ల మీదినుంచి లేవాలి, అతను నిన్ను చూసి చెయ్యి ఊపాలి. ఈ మూడూ జరిగేదాకా గీత దాటవద్దు. బకెట్ గాలిలో ఉందంటే యంత్రం ఆగినట్టు కాదు. హైడ్రాలిక్ గొట్టం పగిలినా, పిన్ను ఊడినా అది కిందికే వస్తుంది. టిప్పరు ట్రాలీ లేచి ఉన్నప్పుడు కింద తల పెట్టి గ్రీజు కొట్టడం, ఇరుక్కున్న రాయి తీయడం మన దగ్గర రోజూ జరిగే పని. ట్రాలీకి గట్టి ఇనుప ఆసరా పెట్టకుండా దాని కిందికి ఎవరూ పోకూడదు. జాకీ నూనె మీద నమ్మకంతో ప్రాణం పెట్టకూడదు.

తర్వాత సంజ్ఞలు. ఇది మాటల కన్నా ముఖ్యం, ఎందుకంటే ఇప్పుడు మన సైట్లలో అందరికీ తెలిసిన భాష ఒకటి లేదు. ఒకప్పుడు పాలమూరు కూలీలు గుంపు మేస్త్రీల వెంట దేశమంతా పోయి ఆనకట్టలు కట్టారు. ఇప్పుడు ఒడిశా, బీహార్, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ నుంచి మన దగ్గరికి వస్తున్నారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలినప్పుడు లోపల చిక్కుకున్న 8 మందిలో జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ వాళ్లున్నారు. ఆ ప్రమాదం వేరు, భూమి లోపలి రాతికీ నీటికీ సంబంధించినది, నా వాదనకు దాన్ని సాక్ష్యంగా తేను. నల్గొండకు నీళ్లు తెచ్చే పనిలో ఎంత దూరం నుంచి వచ్చినవాళ్లు ఉన్నారో గుర్తుచేస్తున్నాను, అంతే. భోజ్‌పురి మాట్లాడే ఆపరేటరుకు, తెలుగు మాట్లాడే హెల్పరుకు, ఒడియా మాట్లాడే పైపు ఫిట్టరుకు మధ్య ఉండగలిగే భాష చేతులే. యంత్రానికి సంజ్ఞలు ఇచ్చే మనిషి ఒక్కడే ఉండాలి. అతను డ్రైవరుకు కనిపించే చోటే నిలబడాలి. అతను కనిపించకుండా పోయిన క్షణం యంత్రం ఆగాలి. కానీ ఆపమనే సంజ్ఞ ఎవరిచ్చినా, తట్ట మోసే ముసలమ్మ ఇచ్చినా, ఆపాల్సిందే. ఎందుకు ఆపావని ఆ తర్వాత అడగవచ్చు. అడిగేటప్పుడు గొంతు పెంచకూడదు. ఒక్కసారి ఆవిడను అందరి ముందు తిట్టారంటే ఆ సైట్‌లో ఇంకెవరూ చెయ్యి ఎత్తరు.

ఇక నీడ సంగతి. ఏప్రిల్, మే నెలల్లో కాలువ పని దగ్గర చెట్టు ఉండదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక కూలీలు ఆగి ఉన్న టిప్పరు కింద, పొక్లెయిన్ వెనక నీడన నడుం వాలుస్తారు. చీరతో ఉయ్యాల కట్టి పసిపిల్లను పడుకోబెట్టడం కూడా చూశాను. అక్కడ పడుకోవద్దని శిక్షణలో చెబుతారు. మరి ఎక్కడ పడుకోవాలి? నాలుగు గుంజలు పాతి గ్రీన్ నెట్ కట్టని సైట్‌లో ఆ మాట చెప్పే హక్కు నాకు లేదనిపిస్తుంది. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 50 మందికి మించి మహిళా కార్మికులు ఉన్న చోట పిల్లల కోసం గది ఉండాలంది. చిన్న ముఠాలకు అది వర్తించలేదు, పెద్ద పనుల్లో కూడా నాకు కనిపించింది అరుదు. డ్రైవరు ఇంజను వేసే ముందు యంత్రం చుట్టూ ఒకసారి నడిచి, కిందికి వంగి చూసి, రెండుసార్లు హారన్ కొట్టి, కాసేపు ఆగి కదలాలి. ఇది ఆపరేటరు శిక్షణలో ఉంటుంది. ఎండకు క్యాబిన్ కాలిపోతుంటే, సూపర్‌వైజరు ఫోనులో అరుస్తుంటే, మొదట ఎగిరిపోయేది ఆ చుట్టు నడకే.

కరెంటు తీగల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మన పొలాల మీద 11 కేవీ లైన్లు లేని చోటు లేదు. చాలాచోట్ల స్తంభాలు ఒరిగి తీగలు కిందికి వేలాడుతుంటాయి. మొరం దింపడానికి టిప్పరు ట్రాలీ లేపినప్పుడు, నల్గొండ జిల్లాలో బోరు బండి తన గోపురం నిలబెట్టినప్పుడు, పొక్లెయిన్ బూమ్ చాచినప్పుడు తీగ తగులుతుంది. తగలకపోయినా మరీ దగ్గరైతే చాలు, కరెంటు దూకుతుంది. అమెరికా నిబంధనల్లో 50 కిలోవోల్టుల వరకు ఉన్న లైనుకు యంత్రంలో ఏ భాగమైనా కనీసం 10 అడుగుల దూరంలో ఉండాలి. తగిలాక ఏం చేయాలో మన దగ్గర ఎవరికీ తెలియదు. అక్కడే ఒక ప్రాణంతో పోయేది మూడు ప్రాణాలవుతుంది. డ్రైవరు సీటులోనే కదలకుండా ఉండాలి. టైర్లు రబ్బరువి కదా అన్న ధైర్యం పనికిరాదు. కింద ఉన్నవాళ్లు పరుగెత్తి వచ్చి తలుపు తీయకూడదు, యంత్రాన్ని తాకకూడదు, కనీసం పది మీటర్ల దూరం పోవాలి. లైను ఆపించమని ఫోను చేయాలి, ఆపామని కరెంటు వాళ్లు నోటితో చెప్పేదాకా దగ్గరకు రాకూడదు. మంటలు లేస్తే మాత్రం డ్రైవరు దిగక తప్పదు. మెట్టు మీద కాలు, నేల మీద కాలు ఒకేసారి పడకూడదు. రెండు కాళ్లూ జోడించి దూకి, కాళ్లు విడదీయకుండా చిన్నచిన్నగా జరుగుతూ బయటపడాలి. తీగ తెగి పడిన నేలలో అడుగుకూ అడుగుకూ మధ్య కూడా వోల్టేజి తేడా ఉంటుంది. పెద్ద అంగ వేస్తే అది ఒంట్లోంచి పోతుంది. ఈ జోడుకాళ్ల నడకను చెబితే ఎవరికీ గుర్తుండదు. వరుసగా నిలబెట్టి చేయించాలి. మొదట నవ్వుతారు, నవ్వనివ్వండి. చేసిన కాళ్లకు గుర్తుంటుంది.

పైపు కందకాల విషయంలో మన చల్క నేల మోసం చేస్తుంది. ఎండాకాలం తవ్వితే గోడ కట్టినట్టు నిటారుగా నిలబడుతుంది. ఒక వాన పడినా, పక్కనే యంత్రం అదిరినా పెళ్లలుగా విడిపోతుంది. నల్లరేగడి అయితే ముందే పగుళ్లిస్తుంది. ఒక ఘనమీటరు మట్టి బరువు ఒకటిన్నర టన్నుకు పైమాటే. ఛాతీ దాకా కూరుకుంటే చాలు, ఊపిరి తీయలేరు. కేంద్ర ప్రజా పనుల విభాగం భద్రతా నియమావళి స్పష్టంగా ఉంది. అయిదు అడుగులు దాటిన కందకానికి గోడలు మెట్లుగా కోయాలి, లేదా కర్రలతో ఊతం ఇవ్వాలి. తవ్విన మట్టిని అంచు నుంచి అయిదు అడుగులు, లేదా లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలి. నాలుగు అడుగులు దాటితే నిచ్చెన ఉండాలి. మన పనుల్లో మట్టి అంచు మీదే పోస్తారు, జేసీబీ అదే అంచు మీద నిలబడుతుంది, మనుషులు లోపల ఉంటారు. గోడ కూలినప్పుడు గాభరాలో బకెట్‌తోనే మనిషిని తవ్వి తీయబోతారు. అది ఎంత మాత్రం చేయకూడదు. పారలతో, చేతులతో తీయాలి. పైనున్న యంత్రాన్ని ముందు ఆపించి దూరం పంపాలి.

ఈ మట్టి విషయంలో నేర్పడానికి వెళ్లిన నేనే నేర్చుకుంటాను. మట్టి పని తరతరాలుగా చేసినవాళ్లు వీళ్లు. 1955లో పునాది పడిన నాగార్జునసాగర్‌ను రాయి మీద రాయి పెట్టి మనుషులే కట్టారు. వడ్డెర పెద్దమనిషి ఒకరు కందకం అంచున నిలబడి, కాలితో తొక్కి, "ఇది సాయంత్రం దాకా ఉండదు" అంటే నేను నా లెక్కలు పక్కన పెడతాను. "వాళ్లకు అన్నీ తెలుసు, కొత్తగా ఏం నేర్పుతావు?" అని అనే కాంట్రాక్టర్లు దీన్నే చూపిస్తారు. మట్టి తెలుసు, నిజమే. ఆ మట్టి పక్కన గిర్రున తిరిగే ఇరవై టన్నుల ఇనుము వాళ్ల తాతలకు లేదు. శిక్షణ అంటే ఒకరు చెప్పి పదిమంది వినడం కాదు. మట్టి సంగతి వాళ్లు చెప్పాలి, యంత్రం సంగతి ఆపరేటరు చెప్పాలి, నేను ఇద్దరినీ ఒక చోట కూర్చోబెట్టాలి.

ఇంకో మాట, ఇది కోపంతోనే రాస్తున్నాను. నాయకులకు స్వాగతం పలికేటప్పుడు జేసీబీల బకెట్లలో కుర్రవాళ్లను నిలబెట్టి పూలు చల్లిస్తున్నాం. క్రేనుకు గజమాల వేలాడదీసి దాని కింద జనాన్ని నిలబెడుతున్నాం. బకెట్ మనిషి ఎక్కే చోటు కాదు. కింద లీవరు మీద డ్రైవరు చెయ్యి జారితే ఆ కుర్రవాడు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. వేలాడే బరువు కింద ఎవరూ ఉండకూడదన్నది ఈ పనిలో తొలి పాఠం. పెద్దమనుషులు స్వయంగా దాని కింద మెడ వంచి నిలబడితే, అదే ఊళ్లో మర్నాడు బకెట్‌లో నిలబడి వీధి దీపం బిగిస్తున్న కూలీకి నేను ఏమని చెప్పాలి? ఈ ఒక్క అలవాటును పార్టీలన్నీ మానుకుంటే ఎన్నో శిక్షణ తరగతులతో సమానం.

కూలీలు వారానికోసారి మారిపోతారు, ఎంతమందికని నేర్పాలి అని అడుగుతారు. పొద్దున అడ్డా మీద దొరికిన మనిషిని ఆటో ఎక్కించి తీసుకొచ్చి పదింటికల్లా యంత్రం పక్కన నిలబెట్టే పద్ధతి ఉన్నంతకాలం ఈ ప్రశ్న ఉంటుంది. నా జవాబు మొండిగా ఉంటుంది. సీటు ఎక్కి చూడని మనిషి ఆ రోజు యంత్రానికి దూరంగా ఉండే పని చేయాలి. రాళ్లు ఏరవచ్చు, సిమెంటు సంచులు లెక్కపెట్టవచ్చు. పదిమందికి సీటు చూపించడానికి గంట పడుతుంది. ఆ గంట యంత్రం ఆగి ఉంటుంది. అక్కడే అసలు చిక్కు ఉంది.

జేసీబీ అద్దె గంట లెక్క. టిప్పరుకు ట్రిప్పు లెక్క. మీటరు తిరుగుతుంటే యజమాని కళ్లు దాని మీదే ఉంటాయి. ట్రిప్పుకు ఇంతని డబ్బులు వచ్చే డ్రైవరు చుట్టూ నడిచి చూడటానికి దిగడు, దిగితే సాయంత్రానికి ఒక ట్రిప్పు తగ్గుతుంది. అతనికి క్లాసులో నేర్పిన ప్రతి మంచి అలవాటునూ ట్రిప్పు లెక్క చెరిపేస్తుంది. కూలీ సంగతీ అంతే. శిక్షణ కోసం గంట ముందు రమ్మంటారు, ఆ గంటకు కూలి ఉండదు. బిడ్డను బడికి పంపి, వంట చేసి, ఆటోలో నిలబడి వచ్చే మనిషి ఆ గంట ఎందుకు ఇవ్వాలి? వినే మనసు ఎక్కడినుంచి వస్తుంది?

రోడ్డుకు అటువైపు క్వారీలో ఇదే పొక్లెయిన్, ఇదే టిప్పరు తిరుగుతాయి. అది గని కిందికి వస్తుంది. గని కార్మికులకు పనిలో పెట్టుకునే ముందు శిక్షణ ఇవ్వాలని 1966లోనే నిబంధనలు వచ్చాయి. అమలు ఎంత బాగా ఉందన్నది వేరే సంగతి, కనీసం శిక్షణ లేని మనిషిని పనిలో పెట్టడం తప్పని అక్కడ అందరికీ తెలుసు. కాలువ పనిలో ఆ మాట కూడా లేదు. 1996 చట్టం 500 మంది కార్మికులు ఉన్న చోట భద్రతా కమిటీ ఉండాలంది. మన పిల్లకాలువ పనుల్లో ఒక చోట 500 మంది ఎప్పుడు ఉంటారు? 2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి ఆ చట్టం వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయింది. కోడ్ ఏదైనా, సబ్ కాంట్రాక్టరు కింద పదిహేను మందితో నడిచే పనికి దాన్ని ఎవరు తీసుకొస్తారన్నదే నా బాధ.

డబ్బు లేదనడం నిజం కాదు. నిర్మాణ ఖర్చులో 1 శాతం సెస్సుగా కార్మిక సంక్షేమ మండలికి పోతుంది. 100 కోట్ల పనికి అది కోటి రూపాయలు. మనిషి పోయాక కుటుంబానికి సాయం అందుతుంది, అందాల్సిందే. మనిషి ఉండగా ఒక గంట కూలి, ఒక గంట యంత్రం అద్దె ఇవ్వడానికి ఆ ఆలోచన ఎందుకు సాగదు?

నేను అడిగేది చాలా చిన్నది, పూర్తిగా మా ఇంజినీర్ల చేతిలో ఉన్నది. ఎస్టిమేటులో లేని పని సైట్‌లో జరగదు, ఎం-బుక్‌లో, అంటే పని కొలతలు రాసే పుస్తకంలో, ఎక్కని పనికి బిల్లు రాదు. ఇది మాకు అందరికీ తెలుసు. రాయి కొట్టడానికి ఐటం ఉంది, నీళ్లు తోడటానికి ఐటం ఉంది, మట్టిని ఎంత దూరం మోశారన్నదానికి కూడా ఐటం ఉంది. యంత్రం దగ్గర శిక్షణకు విడిగా ఐటం లేదు. దాన్ని రేట్ల పట్టికలో చేర్చాలి. మనిషికి ఒక గంట కూలి, యంత్రానికి ఒక గంట అద్దె, ఆపరేటరుకు నేర్పినందుకు భత్యం, ప్రతి కొత్త ముఠాకు, ప్రతి కొత్త యంత్రానికి మళ్లీ. కొలిచేది వేలిముద్రల కాగితం కాకూడదు. యంత్రం చుట్టూ సున్నం గీత, అందులో ఎవరెవరు సీటు ఎక్కారో వాళ్ల పేర్లు, ఆ గీతతో తీసిన ఫోటో. కాంట్రాక్టర్లు దీనికి అడ్డుపడతారని నేను అనుకోను, బిల్లు వచ్చే పనిని ఎవరూ వదులుకోరు. హైదరాబాద్ చుట్టూ వేయాల్సిన ప్రాంతీయ వలయ రహదారి దక్షిణ భాగం చౌటుప్పల్ నుంచి ఆమనగల్లు, షాద్‌నగర్ మీదుగా పోవాల్సి ఉంది. ఆ మట్టి పని మొదలైతే ఎన్ని వందల యంత్రాలు దిగుతాయో, వాటి చుట్టూ ఎన్ని వేలమంది నడుస్తారో ఊహించుకోండి. ఈ ఐటం ఆ ఎస్టిమేట్లలో ఇప్పుడే చేరాలి. ఆ దారిలో ఉన్న ఊళ్ల సర్పంచులు, కార్మిక సంఘాలవాళ్లు, ఇది చదివే ఇంజినీరు మిత్రులు టెండరు కాగితాలు బయటికి వచ్చే లోపే దాని గురించి అడగాలి.